యుద్ధ నవల ఒకటి, ఇళ్లు ఐదు: వీధిలో పుస్తకం తిప్పే పద్ధతి

మా పెదనాన్న పోయాక ఆయన ఇనుప పెట్టె తెరిస్తే అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా లావుగా ఒక రష్యన్ యుద్ధ నవల కనిపించింది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం. నల్లగొండలో ఇలాంటి పెట్టెలకు కొదవ లేదు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణంలో కూరగాయల ధరకు దొరికిన రోజుల్లో కొని దాచుకున్నవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయాక ఆ రాక ఆగింది. పెట్టెలు మిగిలాయి.

నవలకు 624 పుటలు. వెన్ను విరిగింది, అట్ట ఊడింది, అక్షరం మాత్రం చెక్కుచెదరలేదు. లెనిన్‌గ్రాడ్ నగరాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు ముట్టడించిన కాలంలో ఒకే మెట్లదారిలో ఎదురెదురు తలుపుల వెనుక బతికిన ఇద్దరు ఆడవాళ్ల స్నేహం అందులోని కథ. పేరు చెప్పను. చెబితే మీరు ఆ పుస్తకం కోసమే వెతుకుతారు, అది దొరకదు, ఈ వ్యాసం పక్కన పడేస్తారు. మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో మరో యుద్ధ నవల ఉంటుంది. దానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఆ ఒక్క ప్రతిని మా వీధిలో ఐదు ఇళ్లవాళ్లం ఏడు వారాల్లో చదివాం. పుస్తకం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేటప్పుడు ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకునే ఆ పది నిమిషాల కోసమే మిగతా ఏర్పాట్లన్నీ అని నాకు మూడో వారంలో గాని తెలియలేదు. ముందే తెలిసి ఉంటే కొన్ని పనులు వేరేగా చేసేదాన్ని. ఎక్కడ చెడగొట్టామో అక్కడక్కడ చెబుతాను.

1. ముందు ఇళ్లు కుదుర్చుకోండి

ఐదు ఇళ్లు చాలు. ఆరో ఇల్లు అడిగితే రెండో విడతలో అని చెప్పండి. ఎక్కువైతే మొదట చదివినవాళ్లు మరిచిపోతారు, చివరివాళ్లు విసిగిపోతారు. చదువరులనే పేరున్నవాళ్లను మాత్రమే పిలవకండి. మా ఐదుగురిలో ఒకరు రిటైరైన లెక్కల సారు, ఒకరు కిరాణా కొట్టు అన్న, ఒకమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, నేను, ఎదురింటి ఖాలా (ఉర్దూలో పిన్ని అని). ఖాలాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడడమే వచ్చు. అయినా ఆమెను కలుపుకోవడం మేము చేసిన మంచి పనుల్లో మొదటిది. ఎలాగో కింద చెబుతాను.

నడిచి వెళ్లగలిగే దూరం ఉండాలి. బండి తీయాల్సి వస్తే పుస్తకం ఆగిపోతుంది. బాగా చదివే బంధువు మిర్యాలగూడలో ఉన్నా సరే, ఆ బంధువు ఈ వరుసకు కుదరడు.

గ్రంథాలయం పుస్తకంతో ఈ పని చేయకండి. అది మీ ఒక్కరి పేరు మీద తెచ్చినది. ఐదు ఇళ్లు తిరిగి నలిగితే జవాబు చెప్పాల్సింది మీరే. అలాగని గ్రంథాలయాన్ని మరవనక్కర లేదు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది. తేదీలు సరిచూసుకోవడానికి, పటం చూసుకోవడానికి జిల్లా గ్రంథాలయంలో కూర్చుని ఆ పైసలు వసూలు చేసుకోవచ్చు.

2. పుస్తకాన్ని మూడు చేయడం

ఇది వినగానే లెక్కల సారు లేచి నిలబడ్డారు. "పుస్తకాన్ని కోస్తావా అమ్మా?" అన్నారు. కోయడం కాదు, విప్పడం. వెన్ను బాగున్న పుస్తకాన్ని ముట్టుకోవద్దు. ఎప్పుడో విరిగిపోయి, కుట్టు వదులైన పుస్తకాన్ని మూడు సంపుటాలుగా తిరిగి కుడితే దానికి ఆయుష్షు పెరుగుతుంది, ఒకేసారి మూడు ఇళ్లలో ఉంటుంది.

ఇలాంటి పాత పుస్తకాలను ఎక్కువగా 16 పుటల ఫారాలుగా మడిచి, ఒక్కో ఫారాన్ని నడుమ దారంతో కుట్టేవాళ్లు. పుస్తకాన్ని పైనుంచి చూస్తే మడతలు వరుసగా కనబడతాయి. ఫారం మొదలయ్యే పుట అడుగున చిన్న అంకె కూడా ఉంటుంది, పుట సంఖ్య కానిది. 624 పుటలంటే 39 ఫారాలు. మూడు భాగాలు చేస్తే భాగానికి 13. ఎక్కడ విప్పాలో ఆ అంకెలే చెబుతాయి.

వెన్ను మీది పాత బంకను తడి గుడ్డతో మెత్తబరిచి, చెంచా పిడితో మెల్లగా గీకండి. రెండు ఫారాల మధ్య దారాన్ని మాత్రం బ్లేడుతో తెంపండి, కాగితానికి తగలకుండా. ఒక్కో భాగాన్ని విడిగా సర్ది, బరువు కింద ఒక రాత్రి ఉంచి, మడత దగ్గర దబ్బనంతో నాలుగు చిల్లులు వేసి గట్టి నూలు దారంతో కుట్టండి. వెన్నుకు ముతక నూలు గుడ్డ అంటించండి. జిగురు మైదాది చాలు. నీళ్లలో కలిపి గంజిలా చిక్కబడేదాకా ఉడికించి, దించే ముందు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. మైలుతుత్తం విషం కాబట్టి వంటగిన్నె వాడకండి, పిల్లలకు అందనివ్వకండి. సెల్లోటేపు జోలికి పోవద్దు. రెండేళ్లకు పసుపురంగు తిరిగి, దాని జిగురు అక్షరాల్లోకి దిగుతుంది. మా ఎండలకైతే రెండేళ్లు కూడా పట్టదు.

ఇంత ఓపిక లేకపోతే బైండింగ్ చేసేవాళ్లకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒక్కటే చెప్పండి: అంచులు కత్తిరించవద్దని. చక్కగా కనబడాలని వాళ్లు మూడు వైపులా కోస్తారు, పాత పుస్తకాల్లో పెన్సిలు రాతలన్నీ ఆ అంచుల్లోనే ఉంటాయి. మా పెదనాన్న రాతలు రెండు మూడు అలా పోయేవి, నేను దగ్గర నిలబడకపోతే.

ఒక చిక్కుంది. ఫారం ముగిసేచోట అధ్యాయం ముగియదు. మా మొదటి భాగం వాక్యం మధ్యలో ఆగింది: ఎవరో తలుపు తట్టారు, ఆమె లేచింది, అంతే. దీన్ని లోపమనుకుని ఒక చీటీ అంటిద్దామనుకున్నాను. కిరాణా అన్న రాత్రి తొమ్మిదిన్నరకు సారు ఇంటికి వెళ్లి, తలుపు తట్టిందెవరో చెప్పమని నిలదీశాక ఆ ఆలోచన మానుకున్నాను.

3. తోడు కాగితం

నవలతో పాటు ఒక కాగితం తిరగాలి, రెండు వైపులా రాసినది. ఒక వైపు పేర్లు. రష్యన్ నవలను మన పాఠకులు యాభయ్యో పుట దగ్గర వదిలేయడానికి పెద్ద కారణం పేర్లే. ఒకే మనిషి ఒక పుటలో మరీయా ఇవానొవ్నా, ఇంకో పుటలో మాషా, మరో పుటలో ఇంటిపేరు. ముగ్గురనుకుంటాం. కీలకం చిన్నదే: నడిమి పేరు తండ్రిది. ఇవానొవ్నా అంటే ఇవాన్ కూతురు, ఇవానొవిచ్ అంటే ఇవాన్ కొడుకు. తండ్రి పేరు కలిపి పిలిస్తే గౌరవం, మనం "సారు", "గారు" చేర్చినట్టు. మాషా, సాషా, వాన్యా, కాత్యా అన్నవి ఇంట్లో పిలిచే పేర్లు. వాటి అసలు రూపాలు వరుసగా మరీయా, అలెక్సాందర్, ఇవాన్, యెకతెరీనా. పట్టా పాసుపుస్తకంలో వెంకటరెడ్డి, ఊళ్లో ఎంకన్న, అమ్మకు ఎంకడు అయిన మనిషిని మనం ఎన్నడూ ముగ్గురనుకోలేదు కదా. నవలలో ఎవరు ఎవరిని ఏ పేరుతో పిలుస్తున్నారో గమనిస్తే స్నేహం ఎంత దాకా వచ్చిందో కూడా తెలుస్తుంది. ఇద్దరు పొరుగువాళ్లు తండ్రి పేరు వదిలేసి పొట్టి పేరుతో పిలుచుకున్న పుటను డిగ్రీ అమ్మాయి పట్టుకుంది. నేను దాటేశాను.

రెండో వైపు తేదీలు, చేత్తో గీసిన పటం. లెనిన్‌గ్రాడ్ ముట్టడి నవలైతే ఇవి చాలు: 1941 జూన్ 22న జర్మనీ దాడి మొదలైంది. సెప్టెంబరు 8న నగరానికి నేల దారి తెగిపోయింది. నవంబరు 20 నుంచి డిసెంబరు 25 వరకు మనిషికి రోజుకు ఇచ్చే రొట్టె కోటా అన్నిటికన్నా తక్కువ. నవంబరు చివర్లో లడోగా సరస్సు గడ్డకట్టి, ఆ మంచు మీదుగా దాదాపు 30 కిలోమీటర్ల దారిలో బండ్లు, లారీలు తిరగసాగాయి. 1944 జనవరి 27న ముట్టడి పూర్తిగా వీడింది. మొత్తం 872 రోజులు. ఆ నగరాన్ని ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ అంటున్నారని కింద రాయండి, లేకపోతే ఈనాటి పటంలో వెతికి లేదంటారు.

పటం గీయడానికి చిత్రకళ అక్కర లేదు. ఎడమ పక్క సముద్రపు పాయ, నడుమ నగరం, కుడి పక్క పెద్ద సరస్సు. మంచు దారిని చుక్కలతో గీసి, "నల్లగొండ నుంచి నకిరేకల్ దాటి మరికొంత" అని రాశాను. అది చూశాకే కిరాణా అన్నకు ఆ దారి మీద లారీ తోలడమంటే ఏమిటో తెలిసిందట. మా ఊరి దగ్గరి ఉదయ సముద్రం చెరువు అలలు ఆగి రాయిలా బిగుసుకుపోవడం ఊహించుకోమంటే మాత్రం ఎవరి వల్లా కాలేదు. 1942 జనవరిలో అక్కడి చలి కొన్ని రోజులు సున్నాకు దాదాపు 30 డిగ్రీలు కిందికి దిగింది.

4. వంతుల లెక్క

ఇది సారు వేసిన లెక్క. ఒక్కో భాగం 208 పుటలు, వారానికి ఒకటి, రోజుకు 30 పుటలు. ఐదు ఇళ్లవాళ్లు మొత్తం పుస్తకాన్ని ఒకరి తర్వాత ఒకరు చదివితే 15 వారాలు. మూడు భాగాలు ఒకదాని వెనుక ఒకటి నడిస్తే మొదటి ఇల్లు మూడు వారాల్లో ముగిస్తుంది, ఐదో ఇల్లు ఏడో వారంలో. ఆదివారం ఆదివారం మార్పు. క్యాలెండరులో ఏడు ఆదివారాలు చుట్టుకుని, ఒక్కోదాని కింద ఎవరి నుంచి ఎవరికి అని రాస్తే చాలు.

కాలం చూసుకుని మొదలుపెట్టండి. బతుకమ్మ, దసరా రోజుల్లో ఎవరూ చదవరు. పత్తి ఏరే రోజుల్లో పొలమున్న ఇల్లు చదవదు. మే నెల పెళ్లిళ్లది. మేము వానలు పట్టగానే మొదలుపెట్టాం, కరెంటు పోవడం తప్ప ఇబ్బంది లేదు.

మొదటి వంతు పుస్తకం సొంతదారుకు ఇవ్వవద్దు. చివరి వంతు ఇవ్వండి. సొంతదారు ముందే చదివితే "ఇంకా అక్కడికి రాలేదా" అని అందరినీ వేధిస్తారు. ఈ మాట నన్ను చూసి రాస్తున్నాను.

5. గుమ్మం దగ్గర ఇచ్చి పోవద్దు

మొదటి రెండు ఆదివారాలు పుస్తకం గోడ మీది నుంచి, పిల్లల చేతి మీదుగా మారింది. ఒకసారి పాల ప్యాకెట్ల సంచిలో వచ్చింది. మూడో ఆదివారం వాన పట్టడంతో సారు మా ఇంట్లో చిక్కుకుని, టీ తాగుతూ మొదటి భాగం గురించి మాట్లాడారు. ఆయనకు ఆ ఇద్దరిలో పెద్దావిడ నచ్చలేదట. రొట్టె పంచుకోవడానికి ముందు ఆమె తలుపు వెనుక నిలబడి ఆలోచించిన ఒక్క నిమిషం ఆయనకు గుచ్చుకుంది. నాకేమో ఆ నిమిషం కోసమే ఆమె నచ్చింది. ఇద్దరం ఒప్పుకోలేదు. వాన వెలిసినా సారు లేవలేదు.

అప్పటి నుంచి నియమం పెట్టాం: ఇచ్చేవాళ్లు లోపలికి రావాలి, కూర్చోవాలి. ఇచ్చేవాళ్లు ముందు మాట్లాడకూడదు. తీసుకునేవాళ్లే అడగాలి, అదీ రెండు ప్రశ్నలే: ఎక్కడ ఆగి ఊపిరి తీసుకున్నారు? ఎక్కడ విసుగొచ్చింది? కథ చెప్పకుండా ఈ రెండింటికీ జవాబు చెప్పవచ్చు. విసుగు మాట అడగడం ముఖ్యం. లేకపోతే అందరూ గొప్పగా ఉందని చెప్పి ఊరుకుంటారు, మాట ముందుకు సాగదు.

ఒక్కో భాగంతో ఒక పలుచని నోటుపుస్తకం కూడా కట్టండి. అందులో పుట సంఖ్య వేసి ఒక వాక్యం రాయాలి, అంతకన్నా వద్దు. నవలలో మాత్రం పెన్సిలుతో గీత గీయవచ్చు, పెన్ను వద్దు. డిగ్రీ అమ్మాయి హైలైటరు తీయబోతే కిరాణా అన్న చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. నోటుపుస్తకంలో నాకు నచ్చిన వాక్యం ఆయనదే: "పుట 131. ఈమె తూకం తప్పు చెప్పింది, నేనైనా అదే చెప్పేవాణ్ణి."

6. చదవలేని ఇంటికి చదివి వినిపించడం

ఖాలా వంతు వచ్చినప్పుడు ఆమె ఇంటికి మేమే వెళ్లాం, రోజుకొకరం, పొద్దు వాలాక చేసే అసర్ నమాజు అయ్యాక గంటసేపు. గొంతెత్తి చదివితే గంటకు పదిహేను పుటలు దాటవు. వారంలో 208 పుటలు కుదరదు. కాబట్టి ఏవి వదిలేయాలో ముందే చూసుకోవాలి. మేము సేనల కదలికలు, కమాండర్ల మంతనాలు రెండు మాటల్లో చెప్పి, ఆ ఇద్దరు పొరుగువాళ్లున్న పుటలు మొత్తం చదివాం. చదివేటప్పుడు నటించకండి. ఏడుపు చోట ఏడుపు గొంతు పెడితే వినేవాళ్లు మీకోసం ఏడవాల్సి వస్తుంది. మామూలుగా చదవండి, వాక్యం చివర ఆగండి. వినేవాళ్లు "ఆగు" అంటే ఆగండి, కారణం అడగకండి.

ఇందులో కొత్తేమీ లేదు. మన ఊళ్లలో పత్రిక ఒకరు చదివితే అరుగు మీద పదిమంది విన్న కాలం మరీ పాతది కాదు. నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు స్వయంగా మోసుకుని తిరిగి అమ్మారు. అట్లా అమ్మినవన్నీ కొన్న మనిషి ఒక్కడే చదువుకుని ఉంటాడని నేననుకోను.

7. నిజమెంత, కల్పన ఎంత

చారిత్రక నవల చదివాక వచ్చే మొదటి తగవు ఇది. పెన్సిలు గుర్తులు మూడు పెట్టుకోండి: చరిత్రలో ఉన్నదానికి గీత, రచయిత ఊహకు సున్న, తేల్చుకోవాల్సినదానికి ప్రశ్న గుర్తు. తేల్చుకునే పని ఒక్కరికే ఇవ్వండి, ఐదుగురూ ఫోనులో వెతికితే ఐదు జవాబులొస్తాయి. పాత్రలు, వాళ్ల మాటలు, రెండు తలుపుల మధ్య జరిగింది దాదాపు ఎప్పుడూ ఊహే. తేదీలు, కోటాలు, దారులు సరిచూడదగ్గవి. ఇంకో మాట: మాస్కో అచ్చు పుస్తకాల్లో సర్కారును తప్పుపట్టే సంగతులు పెద్దగా కనబడవు. ఉదాహరణకు, లెనిన్‌గ్రాడ్‌లోని విత్తన సంస్థలో పనిచేసేవాళ్లు గదుల నిండా ధాన్యపు విత్తనాలు ఉండగానే, వాటిని తినకుండా కాపాడుతూ ఆకలితో చనిపోయారు. ఇది పుస్తకాల్లో వస్తుంది. ఆ సంస్థను పెంచి పెద్దచేసిన శాస్త్రవేత్త వావిలోవ్‌ను 1940లో వాళ్ల సర్కారే అరెస్టు చేసిందని, ఆయన 1943లో జైలులో తిండి చాలక పోయాడని రాదు. నవల చెప్పనిది ఏమిటన్నది కూడా తోడు కాగితంలో ఒక గడి.

కోటా సంగతి మాత్రం కాగితం మీద వదిలేయకండి. కోటా అన్నిటికన్నా తగ్గిన ఆ ముప్పై అయిదు రోజుల్లో శ్రామికులకు రోజుకు 250 గ్రాముల రొట్టె, మిగతావాళ్లకు, పిల్లలకు 125 గ్రాములు. అంకె చదివి అందరం "అయ్యో" అన్నాం, పుట తిప్పాం. తర్వాతి ఆదివారం కిరాణా అన్న తూకం మీద జొన్నరొట్టె పెట్టాడు. ఒక రొట్టె సరిపోలేదు. రెండోదాని నుంచి కొంచెం తుంచి వేస్తే ముల్లు 125 మీద నిలబడింది. సారు ఇది పూట భోజనమా అన్నారు. కాదు, రోజుకు. అన్న అంతటితో ఊరుకోలేదు. ఆ రొట్టెలో పిండితో పాటు పత్తి గింజల చెక్క, కాగితపు గుజ్జు వంటివి కూడా కలిపేవాళ్లని చదివాడు. కొట్టు వెనుక బర్రెల దాణా బస్తాలోంచి గుప్పెడు పత్తి చెక్క తెచ్చి, రొట్టె ముక్క పక్కన పోశాడు. ఎవరమూ కాసేపు ఏమీ అనలేదు. డిగ్రీ అమ్మాయి ఒక్క పలుకు నోట్లో వేసుకుని, బయటికి వెళ్లి ఉమ్మి వచ్చింది.

అంత ఆకలిలోనూ ఆ నగరపు పెద్ద గ్రంథాలయం ముట్టడి పొడుగునా తెరిచే ఉంది. ఇది సరిచూసుకున్న సంగతే, గీత పెట్టవచ్చు.

8. మన యుద్ధం మాట వచ్చినప్పుడు

ఎక్కడో లెనిన్‌గ్రాడ్ నవల చదువుతున్నాం కాబట్టి మన సంగతులు కదలవనుకోకండి. ఇది నల్లగొండ. అదే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం సర్కారు లెవీ పేరుతో రైతుల ధాన్యం కొలిపించుకుంది. అప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పటి జనగామ జిల్లాలోని కడవెండిలో 1946 జులై 4న రైతుల సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగాడు. సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. నడుమ 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన పోలీసు చర్య, దానికి ముందు రజాకార్ల దాడులు, దాని తర్వాత ముస్లింల మీద జరిగిన దాడులు. మా వీధిలో సంఘంలో తిరిగిన తాత ఉన్న ఇల్లుంది, పట్వారీ వారసుల ఇల్లుంది, ఆ సెప్టెంబరులో ఊరు విడిచి పట్నం చేరిన ఇల్లుంది. యుద్ధంలో స్నేహం అన్న మాట ఈ ఇళ్లలో ఒక్క తీరుగా వినపడదు.

మేము మొదట చేసిన తప్పు, సారు ఒకరోజు ఉత్సాహపడి "మరి మన దగ్గర ఎవరు ఎవరిని కాపాడారు, ఒక్కొక్కరు చెప్పండి" అన్నారు. తరగతి గదిలో అడిగినట్టు. ఎవరూ నోరు విప్పలేదు. ఆ వారం ఇద్దరు నోటుపుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు.

అడగవద్దు. మాట వస్తే వింటాం, రాకపోతే లేదు. మూడో భాగం చదివి వినిపిస్తున్న రోజు, పెద్దావిడ తన అల్మరా జరిపి పొరుగింటి పిల్లను వెనక దాచే చోట ఖాలా చెయ్యి ఎత్తింది. ఆగాను. వాళ్ల నానమ్మను ఊళ్లో పక్కింటివాళ్లు వడ్లగుమ్మి వెనక పదకొండు రోజులు ఉంచారని చెప్పింది. తిండి ఎవరు పెట్టారు, ఆ ఇంటి కోడలు రాత్రిళ్లు గుమ్మి దగ్గరకు వచ్చి ఏం మాట్లాడేది, అంతా మామూలు గొంతుతో చెప్పింది. ఏ ఊరో, ఎవరి ఇల్లో చెప్పలేదు. నాకు అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. "చదువు బిడ్డా" అంది, చదివాను.

ఇలా విన్నది నోటుపుస్తకంలో రాయకండి, ఫోనులో రికార్డు చేయకండి, తర్వాతి ఇంటికి మోయకండి. నేను ఇక్కడ రాసినంత మటుకు ఖాలాకు చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే రాశాను. ఒకరి కథకు ఇంకొకరు తమ ఇంటి కథతో జవాబిచ్చే పోటీ మొదలైతే టీ పెట్టడానికి లేవండి. నిజంగానే లేవండి, అది బాగా పనిచేస్తుంది.

9. పసుపు, వాన, ఆలస్యం

కిరాణా కొట్టులో చదివే భాగానికి రెండు అట్టలు వేయండి, ఒకటి పసుపుకు, ఒకటి నూనెకు. తినేటప్పుడు చదవవద్దని చెప్పకండి, ఎవరూ వినరు.

మా రెండో భాగం కిటికీలో ఉండగా జల్లు కొట్టింది. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదు, కాగితం అలలుగా వంకర పోతుంది. నిలువుగా నిలబెట్టి, పుటలు విసనకర్రలా కొంచెం విప్పి, ఫ్యాను కింద ఉంచండి. ప్రతి పది పన్నెండు పుటలకు ఒక తెల్ల కాగితం దూర్చి, అది తడి పీల్చాక మార్చండి. వార్తాపత్రిక పెడితే సిరా దిగుతుంది. నూటికి తొంభై వంతులు ఆరాక మూసి, బరువు కింద రెండు రోజులు. మాది చాలావరకు బాగుపడింది.

ఆలస్యమైతే "అయిందా" అని అడగకండి. అది అప్పు వసూలులా వినబడుతుంది. "తలుపు తట్టిందెవరో తెలిసిందా" అని అడగండి. తెలియలేదంటే వాళ్లు చదవడం లేదని మీకు తెలుస్తుంది, వాళ్లకూ తెలుస్తుంది. రెండు వారాలు దాటితే ఆ ఇంటికి మిగతాది చదివి వినిపిస్తామని చెప్పి పుస్తకం తెచ్చేయండి. చదవలేకపోవడం నేరం కాదు, పుస్తకం ఆపడమే ఇబ్బంది.

10. ఫోటోలు తీసి పంపవచ్చా

వద్దు. కొన్న పుస్తకాన్ని చేతులు మార్చుకోవడంలో తప్పు లేదు. పుటలన్నీ ఫోటో తీసి పంచడం వేరే సంగతి. మన చట్టంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, అనువాదానికి హక్కు విడిగా ఉంటుంది. పైగా పీడీఎఫ్ ఇవ్వడానికి ఎవరూ ఎవరి ఇంటికీ రారు.

11. ఏడో ఆదివారం, ఆ తర్వాత

అందరూ ముగించాక ఒకసారి కలవండి. మేము సారు ఇంటి మేడ మీద కూర్చున్నాం, లతీఫ్ సాహెబ్ గుట్ట కనబడే వైపు. నోటుపుస్తకాలు మూడూ వరుసగా చదివాం, అంతే కార్యక్రమం. ఒకే పుట మీద ఇద్దరు రాసిన వాక్యాలు పక్కపక్కన చదివితే మాట దానంతటదే సాగుతుంది. పెద్దావిడ తలుపు వెనుక నిలబడ్డ నిమిషం మీద సారు తన అభిప్రాయం మార్చుకోలేదు. నేనూ మార్చుకోలేదు. ఖాలా ఇద్దరినీ చూసి, ఆకలితో ఉన్న మనిషి ఒక నిమిషమే ఆలోచించిందా అని అడిగింది. అప్పుడు లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

తర్వాత మూడు భాగాలనూ ఒకే గుడ్డలో కట్టి, ఎండిన వేపాకు వేసి, గోడకు తగలని చోట, నేలకు జానెడు ఎత్తున పెట్టండి. చెదలు గోడ నుంచి, నేల నుంచి వస్తాయి. ఏటా వానలు తగ్గాక ఒకసారి విప్పి నీడలో ఆరబెట్టాలి. నిండిన నోటుపుస్తకాలు నవలతో పెట్టవద్దు. రెండో విడత వాళ్లు అవి ముందే చదివితే మీ కళ్లతో చదువుతారు. వాళ్లకు కొత్తవి కట్టండి, పాతవి వాళ్ల ఏడో ఆదివారం నాడు ఇవ్వండి.

రెండో విడతకు మా వీధిలో పేర్లు నాలుగు వచ్చాయి. ఐదో ఇల్లు ఖాలా చెప్పింది. ఆమె మనవడికి తెలుగు చదవడం వచ్చట, ఈసారి చదివి వినిపించే పని వాడిదట. తూకం మీద జొన్నరొట్టె పెట్టే రోజు మాత్రం తనను పిలవాలంది.